మహారాజశ్రీ రౌండ్ టేబుల్ సమావేశం గారికి

మహారాజశ్రీ రౌండ్ టేబుల్ సమావేశం గారి దివ్యసముఖమునకు, చివరి వరుస ప్లాస్టిక్ కుర్చీలవాళ్ళం అనేక నమస్కారాలతో రాసుకునే మనవి.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని ఇవాళ్టి జిల్లా ఎడిషన్ చూసి సంతోషించాం. ఫోటో బాగా వచ్చింది. ఇరవై ముగ్గురు పిడికిళ్ళు బిగించి నిలబడ్డారు. వెనక ఫ్లెక్సీ మడత పడకుండా ఇద్దరు కుర్రాళ్ళు చెరో కొసా పట్టుకున్నారు. ఆ ఫోటో తీసేసరికి ఒక్క వక్తా నోరు విప్పలేదని, 'వక్తలు ముక్తకంఠంతో డిమాండ్ చేశారు' అన్న ప్రెస్‌నోట్ మాత్రం అప్పటికే విలేకరుల గ్రూపులో పడిపోయిందని పేపరు చదివేవాళ్ళకు తెలియదు. కాబట్టి తమ పరువుకు ఢోకా లేదు. తెలిసినవాళ్ళం కాబట్టి మేం ఈ ఉత్తరం రాస్తున్నాం.

తమ పేరులో రౌండ్ ఉంది, టేబుల్ ఉంది. హాల్లో రెండూ ఉండవు. మూడు బల్లలు వరసగా వేసి గుడ్డ కప్పుతారు, పెద్దలంతా దానికి ఒకే పక్కన కూర్చుంటారు. హైదరాబాద్‌లో బాగ్‌లింగంపల్లి అయినా, సోమాజిగూడ అయినా, విజయవాడ గవర్నర్‌పేట అయినా ఇదే వాస్తు. తమ పూర్వీకులు 1930 నుంచి 1932 దాకా లండన్‌లో మూడు విడతలు కొలువుదీరినప్పుడు గాంధీ రెండోదానికి మాత్రమే వెళ్ళారు, అంబేడ్కర్ మూడింటికీ వెళ్ళారు. ఇద్దరికీ పడలేదు. పడలేదన్న సంగతైనా దేశానికి తెలిసింది. తమ దగ్గర ఒకరి మాటకు ఒకరు అడ్డం చెప్పరు. చెబితే ఐక్యత దెబ్బతింటుందట. అందుకని ఒకే మాటను ఇరవై ముగ్గురూ చెబుతారు.

అసలు ఇరవై ముగ్గురు ఎలా అయ్యారు? కరపత్రం దగ్గర అయ్యారు. పేరు వేస్తేనే సంఘం వస్తుంది. పేరు వేశాక వేదిక మీదికి పిలవాలి, పిలిచాక మాట్లాడించాలి. ఒక పార్టీ పేరు వేస్తే, అదే పేరు పెట్టుకుని బ్రాకెట్లో వేరే ముక్క రాసుకునే మిగతా పార్టీలన్నిటినీ వేయాలి. ఎవరి పేరు ఎవరి పైన ఉండాలో తేలక డీటీపీ సెంటర్లో ప్రూఫు మారుతూనే ఉంటుంది. ఇంత చేసినా ఒక పేరు తప్పిపోతుంది. ఆయన అలుగుతాడు. అలిగి ఇంట్లో కూర్చోడు, సమావేశానికి వచ్చి ముందు వరసలో కూర్చుని మరీ అలుగుతాడు. అలా ఇరవై రెండు ఇరవై మూడు అవుతుంది.

ఇక కాలం లెక్క. హాలు బుక్ చేసింది పదింటి నుంచి ఒకటిన్నర దాకా, అంటే 210 నిమిషాలు. కెమెరాలు రానిదే మొదలుపెట్టరు గనక 11.10 అవుతుంది, మిగిలింది 140. పాటకు 6. అమరులకు నిమిషం మౌనం, గడియారం పెట్టి చూస్తే అర నిమిషమే, అయినా ఒకటి వేసుకుందాం. ఒక్కొక్కరినీ బిరుదులతో వేదిక మీదికి పిలవడానికి 12. 'నేను ఎక్కువ మాట్లాడను' అంటూ ఎత్తుకునే అధ్యక్షుడి తొలిపలుకులకు 15. మిగిలింది 106. అప్పుడు అధ్యక్షుడు మనిషికి ఐదేసి నిమిషాలని ప్రకటిస్తాడు. ఐదు ఇంటూ ఇరవై మూడు 115. ప్రకటించిన క్షణానే లెక్క తప్పింది. పైగా ఆ ఐదు ఎప్పుడూ తొమ్మిదే: వేదిక మీద పెద్దల్ని పేరుపేరునా సంబోధించడానికి రెండు, అంతర్జాతీయ పరిస్థితికి రెండు, ముందు మాట్లాడినవాళ్ళు చెప్పింది మళ్ళీ చెప్పనంటూ అదే చెప్పడానికి నాలుగు, చీటీ అందాక 'ముగిస్తున్నాను' అనడానికి ఒకటి. ఈ లెక్కన పన్నెండో వక్త ముగించకముందే హాలు గడువు అయిపోతుంది.

మిగతా పదకొండు మందికీ 'సమయాభావం వల్ల' రెండేసి నిమిషాలు. ఆ పదకొండు మంది ఎవరో ఎప్పుడైనా గమనించారా? మహిళా సంఘం, ఆదివాసీ సంఘం, పారిశుధ్య కార్మికుల యూనియన్, విద్యార్థులు. ఏ సమావేశమైనా వరస ఇదే. సమానత్వం గురించి మాట్లాడేవాళ్ళు ముందు మాట్లాడతారు, అది దక్కనివాళ్ళు తర్వాత.

తాము మాట్లాడగానే 'ఇంకో కార్యక్రమం ఉంది' అని లేచిపోయే రాష్ట్ర నాయకుల గురించి ఇక్కడ రాయం. కార్పొరేట్ దోపిడీ మీద సమావేశానికి బల్ల పొడవునా పేర్చిన కార్పొరేట్ నీళ్ళ సీసాల గురించీ రాయం. కరోనా రోజుల్లో తమరు జూమ్‌లోకి వెళ్ళి 'మ్యూట్ తీయండి సార్' అంటూ గంటలు గడిపిన వైనం ఎలాగూ మరిచిపోయాం.

రాయాల్సింది ఒక్కదాని గురించే. తమ ఎజెండాలో చివరి అంశం: 'భవిష్యత్ కార్యాచరణ'.

అది వచ్చేసరికి వాచ్‌మన్ ఫ్యాన్లు ఒక్కొక్కటీ ఆపేస్తుంటాడు, ఎందుకంటే రెండింటికి అదే హాల్లో ఎవరిదో పుస్తకావిష్కరణ. వేదిక మీద ఏడుగురు, కింద అంతకంటే కొంచెం ఎక్కువ. నిలబడే 'త్వరలో చలో కలెక్టరేట్' అంటారు. ఏ రోజో చెప్పరు. చెబితే మాత్రం ఏముంది, ప్రెస్‌నోట్‌లో తేదీ పడితే ఆ తెల్లవారుజామున ఐదింటికి కన్వీనర్ ఇంటి ముందు జీపు ఉంటుంది, ఊళ్ళ నుంచి బయల్దేరిన ఆటోలు స్టేషన్ ఆవరణలో ఉంటాయి. తర్వాత కమిటీ వేస్తారు. ఒక కన్వీనర్, నలుగురు కో-కన్వీనర్లు, 18 మంది సభ్యులు. మొత్తం ఇరవై ముగ్గురు, ఎవరూ నొచ్చుకోలేదు. హోదా అందరికీ వచ్చింది, పని ఎవరికీ పడలేదు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు, మర్నాడు పొద్దున్నే అందులో గుడ్‌మార్నింగ్ పూలు.

నిన్నటి సమావేశం భూసేకరణ మీద కదా. ఆ భూములవాళ్ళు కూడా వచ్చారు. మొదటి బస్సెక్కి వచ్చిన ఎనిమిది మందిని మూడో వరసలో కూర్చోబెట్టి, 'బాధితులు కూడా మన మధ్య ఉన్నారు' అని చెప్పి చప్పట్లు కొట్టించారు. వాళ్ళలో ఒకామె ఒళ్ళో పాలిథిన్ కవరు. అందులో పట్టాదారు పాస్‌పుస్తకం జిరాక్సు, మీసేవ రసీదు, నాలుగు మడతలు పెట్టిన పేపరు కటింగు. కటింగులో సర్వే నంబర్ల పట్టిక, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ప్రాథమిక నోటిఫికేషన్ తేదీ. ఆ తేదీ నుంచి నిన్నటికి 41 రోజులు.

వేదిక మీద లాయర్లే ముగ్గురు. ఒక్కరైనా కిందికి దిగి ఆ కవరు విప్పమన్నారా? వాళ్ళలో ఒకాయన 2013 భూసేకరణ చట్టం మీద బ్రహ్మాండంగా మాట్లాడాడు. 11వ సెక్షన్ నోటిఫికేషన్ పడ్డాక 15వ సెక్షన్ కింద అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజులే గడువని కూడా అన్నాడు. అక్షరాలా నిజం. అనేసి కారెక్కాడు. అరవైలోంచి నలభై ఒకటి తీసేస్తే పంతొమ్మిదని ఆ హాల్లో ఎవరికీ తీసివేత రాలేదు.

చూడు సమావేశమా, నువ్వు ఆమోదించిన తీర్మానం ఆ సెక్షన్ కింద అభ్యంతరం కాదు. ఇరవై మూడు సంఘాలు సంతకాలు పెట్టి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి ఫోటో దిగబోయే వినతిపత్రమూ కాదు. అది వేరే నంబరు వేసుకుని వేరే దారిన పోతుంది. అభ్యంతరం చెప్పాల్సింది ఆ భూమితో సంబంధం ఉన్న మనిషి, కలెక్టర్‌కు, రాతపూర్వకంగా. పట్టాదారే అక్కర్లేదు. కౌలుదారు చెప్పొచ్చు, ఆ పొలం పనే ప్రధాన బతుకుతెరువైన కూలీ చెప్పొచ్చు. ఈ ముక్క మూడో వరసలో కూర్చున్న కౌలు రైతులిద్దరికీ తెలియదు. 'మనకేం కాగితం ఉంది' అనుకుంటూ వచ్చారు, అలాగే వెళ్ళారు.

అభ్యంతరానికి చట్టం ఇచ్చిన దారులు మూడు: ఇంత విస్తీర్ణం ఎందుకు, ఈ భూమే ఎందుకు అని అడగొచ్చు, ప్రజాప్రయోజనం అని చూపించిన కారణాన్ని తప్పుపట్టొచ్చు, సామాజిక ప్రభావ మదింపు నివేదికలో, అంటే ఈ సేకరణ జనం బతుకుల మీద ఏం ప్రభావం చూపుతుందో చెప్పే నివేదికలో, తేల్చినదాన్ని కాదనొచ్చు. ఒకే అర్జీని వంద జిరాక్సులు తీసి వేలిముద్రలు వేయిస్తే ఆఫీసులో వందకూ కలిపి ఒకే వాక్యంలో జవాబు రాసి పక్కన పెడతారు. అందుకని ఎవరి అర్జీలో వాళ్ళ సంగతి ఒక పేరా అయినా ఉండాలి: బోరు ఎన్ని అడుగులు, మామిడి చెట్లెన్ని, ఎన్ని నెలలు నీళ్ళు పారతాయి. ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాం. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పుస్తకంలో ఇంకో పేరు ఉంటుంది. తండ్రి పోయి పదేళ్ళయినా విరాసత్ (భూమి వారసుల పేరు మీదికి మారడం) కాకపోతే కొడుకు తండ్రి సంతకం తానే గీకేస్తాడు. ఆ ఒక్క సంతకంతో అర్జీ చెడుతుంది. వారసులమని రాసి తమ పేరు మీదే ఇవ్వాలి. రెండు ప్రతులు తీసుకెళ్ళి నోటిఫికేషన్‌లో రాసిన అధికారి దగ్గర, ఎక్కువగా అది ఆర్డీవో ఆఫీసే, ఒకటిచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. స్వయంగా హాజరై చెప్పుకుంటామని అర్జీలోనే అడగాలి. వినిపించుకునే అవకాశం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది.

నిన్న నీ దగ్గర వచ్చిన ఒకే ఒక్క ఆచరణాత్మక సూచన ఏమిటో గుర్తుందా? మదింపు నివేదిక కోసం ఆర్టీఐ వేద్దామన్నారు. జవాబివ్వడానికి ఆ చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు. మనకున్నవి 19. ఆ నివేదికను తెలుగులో పంచాయతీలోనూ తహసీల్దార్ ఆఫీసులోనూ అందుబాటులో ఉంచాలని భూసేకరణ చట్టం 6వ సెక్షనే చెబుతోంది. వెళ్ళి అడిగితే అయిపోయేదానికి పది రూపాయల పోస్టల్ ఆర్డరు ఎందుకు? మదింపు నుంచి మినహాయింపు ఇచ్చామంటే ఆ ఉత్తర్వు కాపీ అడగాలి. అదే అభ్యంతరానికి మొదటి పేరా అవుతుంది.

దీనికంతా ఎంతమంది కావాలి? నాలుగు ఊళ్ళు, ఊరికి ఇద్దరు. ఇద్దరు కలిసి కూర్చుంటే రోజుకు పది అర్జీలు నిదానంగా రాయొచ్చు. ఆఖరి నాలుగు రోజులు ఆఫీసులో ఇవ్వడానికి వదిలేసినా 15 రోజుల్లో 600 అర్జీలు. ఎనిమిది మంది! నీ వేదిక మీద ఇరవై మూడు కుర్చీలు వేశావు. దిగి రావడానికి ఎనిమిది మందిని ఇవ్వలేకపోయావు. సిగ్గుగా లేదా?

కోపమే కానీ, నిన్ను కాదనుకోలేని రోజులూ ఉన్నాయి. 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర నిరసనలు జరిగే ధర్నా చౌక్ ఎత్తేశాక, 2018 నవంబరులో హైకోర్టు జోక్యం చేసుకునేదాకా నీ నాలుగు గోడలే దిక్కు. ఆంధ్రలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చినప్పుడు, మే 12న హైకోర్టు కొట్టేసేదాకా అక్కడా ఇదే కథ. పర్మిషన్ లేదన్న సీఐకి 'ఇండోర్ మీటింగేనండీ' అని చెప్పడానికి నువ్వొక్కదానివే మిగిలావు. ఒకరి మొహం ఒకరు చూడని సంఘాలు పక్కపక్కన కూర్చునేది కూడా నీ దగ్గరే. 2009 డిసెంబరు 24న తెలంగాణ రాజకీయ జేఏసీ పుట్టింది ఇలా అందరూ ఒకచోట చేరితేనే. అయితే అది హాల్లో ఉండిపోలేదు. ఊరికో జేఏసీ, ఊరికో రిలే దీక్షల టెంటు, టెంటు గుంజకు ఇవాళ కూర్చునేది ఎవరో రాసిన కాగితం. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళకైతే వేదికే లేదు. అక్షరాస్యత ఉద్యమపు రాత్రి బడిలో మాట్లాడుకున్నారు, లేచి సారా కొట్టు దాకా నడిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ళ కరపత్రంలో ఎవరి పేరు పైన ఉందో ఎవరికైనా గుర్తుందా?

కాబట్టి నిన్ను రద్దు చెయ్యమనడం లేదు, తిరగేసుకోమంటున్నాం. మొదటి గంట కెమెరాలు బయట, భూములవాళ్ళు మైకు దగ్గర. ఒక కాగితం మీద మూడు గళ్ళు: పని, ఎవరు, ఏ తేదీకి. అది నిండాక తలుపు తీయి. తర్వాత అంతర్జాతీయ పరిస్థితి గురించి ఎంతసేపు కావాలంటే అంతసేపు వింటాం, సమోసాలు మేమే తెస్తాం. మళ్ళీ కూర్చున్నప్పుడు మొట్టమొదట ఆ మూడు గళ్ళ కాగితమే చదవాలి. చెయ్యనివాళ్ళ పేరు కూడా గట్టిగా చదవాలి.

ఇది నీకు నచ్చదని తెలుసు. వచ్చే సమావేశం కరపత్రం ప్రూఫు అప్పుడే గ్రూపులో పడింది, పేర్లు ఇరవై ఆరు. అది నీ పని, చేసుకో. రేపు పొద్దున మొదటి బస్సుకు ఆ కవరు ఆవిడ ఊరికి ఇద్దరు వెళ్తున్నారు. ఇంకా మూడు ఊళ్ళకు ఆరుగురు కావాలి. నీ అధ్యక్షవర్గంలో ఖాళీగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే పంపు. తెల్లకాగితాల రీము ఒకటి, స్టాంపు ప్యాడు ఒకటి, నాలుగు పెన్నులు తెచ్చుకోవాలి. బస్సు ఛార్జీ ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. ప్రసంగం తయారుచేసుకుని రానక్కర్లేదు.

ఇట్లు,
చివరి వరుసవాళ్ళం