మేడ మీద సోలార్ సరే, వెనకాల మోరీలో పోయే నీళ్ళ మాటేంటి?

తిరుపతిలో ఆసుపత్రులన్నీ ‘గ్రీన్’ అయిపోతున్నాయి. ఒకరు మేడ మీద సోలార్ పలకలు పరుస్తారు, ఇంకొకరు వరండా పొడవునా ఎల్ఈడీ బల్బులు బిగిస్తారు. జూన్ 5, పర్యావరణ దినం వచ్చిందంటే పెద్ద డాక్టరు మొదలుకుని సెక్యూరిటీ గార్డు దాకా తలా ఒక మొక్క పట్టుకుని ఫొటో దిగుతారు. తప్పేం లేదు, కరెంటు బిల్లు తగ్గితే ఎవరికి చేదు? కానీ నన్నడిగితే, రాయలసీమ గడ్డ మీద ఒక ఆసుపత్రి పర్యావరణానికి ఏం చేస్తోందో కొలవాలంటే దాని వెనకాల, కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తం శుభ్రం చేసే డయాలిసిస్ గది నీళ్ళు పోయే మోరీ దగ్గర నిలబడాలి.

మిగతా కథ పాఠకులకు తెలిసిందే. ప్రపంచం వదులుతున్న కర్బన ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లోనే లెక్క తేల్చారు. వాతావరణ మార్పులు, ఆరోగ్యం మీద కేంద్రం ఒక జాతీయ కార్యక్రమం కూడా పెట్టింది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల పుణ్యమా అని పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు ప్రతి వార్డులో కనిపిస్తున్నాయి. ఏ డబ్బాలో ఏం పడుతోందన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి. చెత్త గురించి, కరెంటు గురించి మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి అందరూ మౌనమే, అందులోనూ డయాలిసిస్ నీళ్ళంటే మరీనూ.

లెక్క చూడండి. డయాలిసిస్ యంత్రంలో శుద్ధజలంతో కలిపిన ద్రవం మామూలుగా నిమిషానికి అర లీటరు చొప్పున ప్రవహిస్తుంది. ఒక విడతకు నాలుగు గంటలు. అంటే ఒక మనిషికి ఒక్క పూటకు 120 లీటర్లు. వారానికి మూడుసార్లు చేయించుకునే రోగికి ఏడాదికి 18 వేల లీటర్ల పైచిలుకు. ఇది శుద్ధి అయ్యాక మిగిలిన మంచినీళ్ళ లెక్క మాత్రమే. అంత మంచినీళ్ళు తయారుచేయడానికి ఆర్వో ప్లాంటు (సన్నటి పొరల గుండా నీళ్ళను నెట్టి లవణాలు తీసేసే యంత్రం) పక్కకు తోసేసే నీళ్ళ లెక్క వేరే ఉంది. చాలాచోట్ల లోపలికి వెళ్ళిన నీళ్ళలో సగం అటూ ఇటూగా రిజెక్ట్ పైపులోంచి బయటికి పోతాయి. ఉప్పు ఎక్కువగా ఉన్న బోరునీళ్ళయితే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. సగమనే అనుకుందాం. పది పడకలు, రోజుకు మూడు షిఫ్టులు నడిచే ఒక మోస్తరు సెంటర్లో రోజుకు 3,600 లీటర్లు మోరీ పాలు. అంటే మూడు రోజులకు రెండు 5 వేల లీటర్ల ట్యాంకర్లకు పైనే.

దగ్గరి బంధువుకు తోడుగా ఊళ్ళోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆ ఆర్వో గదిలోకి తొంగి చూశాను. ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత క్లోరిన్‌ను పీల్చేసే కార్బన్ ఫిల్టరు, దాని పక్కన నీళ్ళ కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్, ఆ తర్వాత పొడుగాటి గొట్టాల్లో మెంబ్రేన్లనే ఆ సన్నటి పొరలు. గోడకు రెండు గాజు మీటర్లు. ఒకదాంట్లో రోగి దగ్గరికి వెళ్ళే నీళ్ళు, రెండోదాంట్లో బయటికి వెళ్ళే నీళ్ళు. రెండు మీటర్లలోనూ తేలే గుండు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంది. రెండోదాని తెల్ల పీవీసీ పైపు కిటికీలోంచి బయటికి వచ్చి, పాచి పట్టిన కాలువలోకి చేతి మణికట్టంత లావు ధారగా దూకుతోంది. అదే సమయానికి ఆసుపత్రి ముందు వైపు ప్రైవేటు ట్యాంకరు వచ్చి సంపులోకి నీళ్ళు వదులుతోంది. ముందు గేటులోంచి డబ్బిచ్చి కొన్న నీళ్ళే వెనక గోడలోంచి ఉచితంగా పోతున్నాయి. ఆ గది చూసుకునే కుర్రాణ్ణి అడిగితే, “అది వేస్టు వాటర్ సార్” అన్నాడు. అతని తప్పేం లేదు, ట్రైనింగులో అలాగే చెప్పి ఉంటారు.

అసలు పేచీ అంతా ఇక్కడే. డయాలిసిస్ గదిలోంచి రెండు రకాల నీళ్ళు బయటికొస్తాయి. రోగి రక్తంలోని మలినాలను మోసుకొచ్చే ద్రవం ఒకటి. అది మురుగులోకే పోవాలి, అందులో రెండో మాట లేదు. రెండోది ఈ రిజెక్ట్ నీళ్ళు. ఇవి రోగి ఛాయలకు కూడా వెళ్ళవు. ఫిల్టర్లలో వడపోత అయి, క్లోరిన్ పోయి, సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన నీళ్ళే, కాకపోతే లవణాలు చిక్కబడి ఉంటాయి. తాగడానికి పనికిరావు. ఫ్లష్ ట్యాంకులకు, గచ్చు కడగడానికి, అంబులెన్సులు కడగడానికి నిక్షేపంగా పనికొస్తాయి. సోడియం ఉంటుంది కాబట్టి గులాబీలకు పోస్తే మాడిపోతాయి గానీ వేపకూ గన్నేరుకూ మామూలు నీళ్ళతో కలిపి పోయొచ్చు. ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో, ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో కిడ్నీ విభాగాలవాళ్ళు ఈ నీళ్ళను మళ్ళీ వాడి చూపించారు. వానలకు కొదవలేని ఇంగ్లండులో ఆ జాగ్రత్త ఉంటే, ఎండాకాలం వస్తే కాలనీల్లో బిందెలు వరస కట్టే ఊళ్ళో మనకు లేదు.

ప్రాణాలతో పని, ముందు రోగిని చూడనివ్వండి, పర్యావరణం తర్వాత అని డాక్టర్లు అంటారు. పైపులు కలిసిపోతే ఇన్ఫెక్షన్ వస్తుందని భయం, పాత కట్టడాల్లో గోడలు పగలగొట్టడం కష్టమని మేనేజ్‌మెంట్ల వాదన. జనం కిటకిటలాడే రుయా ప్రభుత్వాసుపత్రి లాంటి చోట ఇంకో పని నెత్తిన పెట్టొద్దనడంలో న్యాయం కొంత ఉంది. కానీ మనం అడుగుతున్నది రోగి వైపు వెళ్ళే పైపును ముట్టుకోమని కాదే! బయటికొచ్చిన పైపును కాలువకు బదులు ట్యాంకులోకి తిప్పమంటున్నాం. దానికి వేరే రంగు వేస్తే గందరగోళానికి తావే ఉండదు.

ఆ మోరీలోకి పోతున్న నీళ్ళు ఎక్కడివో కూడా గుర్తు చేసుకోవాలి. కల్యాణి డ్యాము మనదే, కానీ వాన మొహం చాటేస్తే అది చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆదుకునేది తెలుగుగంగ. శ్రీశైలంలో బయలుదేరిన కృష్ణమ్మ వెలుగోడు, బ్రహ్మంసాగర్ దాటి, సోమశిలలో పెన్నమ్మను కలిసి, కండలేరు చేరి, అక్కణ్ణుంచి కాలువలూ పైపులూ పట్టుకుని, పంపుల మీద మన ఊరికి వస్తుంది. నాలుగైదు జిల్లాలు దాటించి, కరెంటు తగలేసి తెచ్చిన నీళ్ళు ఆర్వో గదిలో కాసేపు ఆగి, ఏ పనీ చేయకుండానే మురుగులో కలుస్తున్నాయి. మేడ మీద సోలార్ పలకలు మిగిల్చిన కరెంటు కింద ఇలా కారిపోతుంటే దాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

ఇది ఒక్క ఆసుపత్రుల జబ్బే కాదనిపిస్తుంది నాకు. రాయలసీమలో నీటి రాజకీయమంతా ‘తేవడం’ చుట్టూనే తిరుగుతుంది. నీళ్ళు తెచ్చిన నాయకుడికి విగ్రహం పెడతాం, పాలాభిషేకం చేస్తాం. వచ్చిన నీళ్ళను రెండోసారి వాడించిన ఇంజనీరు పేరు ఒక్కరిదైనా మనకు తెలుసా? 2021 నవంబరులో ఊరు మునిగింది, స్వర్ణముఖి ఒడ్లు దాటింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళకు ఊళ్ళే నిద్ర మానుకున్నాయి. అన్ని నీళ్ళు చూసిన ఊరు ఎండలు ముదిరితే మళ్ళీ ట్యాంకరు కోసం ఫోన్లు చేస్తుంది. నిల్వ చేయడం, తిరిగి వాడడం మన పాలనలో పనుల కిందే లెక్కకు రావు. వాటికి శంకుస్థాపన రాయి ఉండదు, రిబ్బను ఉండదు మరి.

అందుకే ఈ పని స్వచ్ఛంద సేవకు వదిలేస్తే జరగదు, బిల్లుతో ముడిపెట్టాలి. డయాలిసిస్ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆసుపత్రులకు చెల్లిస్తోంది. ఆ పథకం ఆసుపత్రుల జాబితాలో ఉండాలంటే పడకలెన్ని, డాక్టర్లెవరు అని అడిగినట్టే, రిజెక్ట్ నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా అడగాలి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలను ఆపించి చూపించిన టీటీడీ, తన అండతో నడిచే స్విమ్స్ ఆసుపత్రితోనే మొదలుపెట్టి, రోజువారీ రిజెక్ట్ లెక్కను బోర్డు మీద రాయిస్తే మిగతావాళ్ళకు సాకు మిగలదు. కావాల్సిన సరంజామా ఒక సింటెక్స్ ట్యాంకు, అర హెచ్‌పీ మోటారు, వేరే రంగు పైపు, నెలకోసారి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మోతాదు) చూసే మీటరు. కొత్త సెంటర్లకైతే ప్లానులో ఆ పైపు గీత లేనిదే అనుమతి ఇవ్వకూడదు, పాతవాటికి ఏడాది గడువు చాలు.