ఫొటో కింద పేరు

భోపాల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక పసిబిడ్డ ముఖం. చుట్టూ మట్టి, రాళ్లు. మూతపడని కళ్లు, వాటి మీద తెల్లటి పొర. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు ఊరి మీద పడిన తర్వాత, ఆ బిడ్డను పూడ్చిపెడుతున్న చోట ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. రఘు రాయ్ నలుపు తెలుపులో తీశారు, పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశారు. పాబ్లో తీసిన చిత్రం వార్తా ఫొటోల అంతర్జాతీయ పోటీ అయిన వరల్డ్ ప్రెస్ ఫొటోలో ఆ ఏడాది మేటి చిత్రంగా ఎంపికైంది. బిడ్డ ఎవరో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.

అదే పాబ్లో 2007లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఫొటో ఉత్సవంలో ‘అవుట్‌సైడ్ ఇన్’ పేరుతో ఒక ప్రదర్శన పెట్టారు. తర్వాత అది మన దేశానికీ వచ్చింది. 1970లు, 80లలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తాల్లో తన కోసం తాను తీసుకున్న నలుపు తెలుపు ఫొటోలవి. మంచాల మీద అడ్డదిడ్డంగా పడుకున్న స్నేహితులు, సిగరెట్ పొగ, పార్టీలు, రాత్రంతా మత్తులో గడిపాక పొద్దున్నే తీసుకున్న సొంత ముఖం, బొంబాయి వీధులు, కలకత్తాలోని చైనీయుల బతుకులు. పత్రిక మొదటి పేజీకి ఎక్కే సరుకు అందులో దాదాపు లేదు.

ఇలాంటి ప్రదర్శనలను మెచ్చుకోవడానికి మన దగ్గర ఒక తయారు మాట ఉంది: ‘వార్తల వెనక ఉన్న మనిషి కనిపించాడు’ అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ మాటతో నాకు పేచీ ఉంది. విపత్తులను చూసి అలసిన కళ్లు సేదతీరడానికి ఇంటివైపు తిరిగాయన్న అర్థం అందులో దాగి ఉంది. పాబ్లో విషయంలో క్రమం తలకిందులు. ఇంటి ఫొటోలే ముందు. చదువు మధ్యలో వదిలేసిన కుర్రాడు తన చుట్టూ ఉన్నవాళ్లనే తీస్తూ పని నేర్చుకున్నాడు. మార్ఫిన్‌కు బానిసలైనవారి మీద చేసిన చిత్రమాలికకు ఇరవై ఏళ్ల ప్రాయంలోనే వరల్డ్ ప్రెస్ బహుమతి అందుకున్నాడు. భోపాల్ ఆ తర్వాతి సంగతి.

ఈ ఫొటోల్లో నన్ను ఎక్కువగా ఆపేది వాటి కింద ఉన్న రాత. ఒక చిత్రంలో ఒకమ్మాయి పార్టీలో నాట్యం చేస్తుంటుంది. ఆమె పేరు, ఆ పార్టీ ఎవరింట్లోనో, ఏ ఊళ్లోనో, ఏ సంవత్సరమో (1975) కింద రాసి ఉంటుంది. మన ఇళ్లలో పాత ఫొటోలు వెనక్కి తిప్పితే నీలం సిరాతో ‘పెద్దక్క, తిరుపతి, 1978’ అని కనిపించే రాత లాంటిదే ఇదీ. తీసినవాడికీ, తీయించుకున్నవారికీ మధ్య ఉన్న చుట్టరికం అంతా ఆ మూడు మాటల్లో ఇమిడిపోతుంది. వార్తా చిత్రం కింది రాతకు ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్నవే ముఖ్యం. ఎవరు అన్నది దొరికితే రాస్తారు, లేకపోతే లేదు. ‘ఒక బాధితురాలు’తో పని గడిచిపోతుంది. పార్టీలో నాట్యం చేసిన అమ్మాయికి దక్కిన పేరు భోపాల్ బిడ్డకు దక్కలేదు. ఇద్దరినీ తీసిన కళ్లు ఒకటే.

తప్పు పాబ్లోది అని నా ఉద్దేశం కాదు. శవాలు వరుసలు కట్టిన రోజున పేర్లు అడిగే తీరిక ఎవరికి? కానీ వార్తల పనినీ సొంత జ్ఞాపకాలనూ ఒకే గోడ మీద వేలాడదీసే ఏ ఫొటో జర్నలిస్టు ప్రదర్శనకు వెళ్లినా నేను ముందు ఈ రాతలే చదువుతాను. ఎవరికి పేరుంది, ఎవరు గుంపులో కలిసిపోయారు అన్నది చూస్తాను. గోడ మీద అన్ని ఫ్రేములూ ఒకే కొలతలో ఉన్నా, ఆ తేడా చెరిగిపోదు.

ఇంకో లెక్క కూడా ఉంది. అందరి జ్ఞాపకాలూ గ్యాలరీ దాకా రావు. పాబ్లో తండ్రి రిచర్డ్ బార్తలోమ్యూ పేరున్న కళా విమర్శకుడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకొస్తే అక్కడి నుంచి ఇటు వలస వచ్చినవాడు. ఆయనా ఫొటోలు తీసేవాడు: భార్య, పిల్లలు, ఇంటికొచ్చే చిత్రకారులు. 1985లో ఆయన పోయాక ఆ నెగటివ్‌లను భద్రపరిచి, 2009లో ‘ఎ క్రిటిక్స్ ఐ’ పేరుతో ప్రదర్శనగా తెచ్చింది కొడుకే. కెమెరా ఉన్న ఇల్లు, దాచుకునే అలవాటు, దాచినదాన్ని విప్పి చూసే ఓపిక: ఈ మూడూ కలిస్తేనే ఒక బతుకు గోడకెక్కుతుంది.

మన జిల్లా కేంద్రాల్లో రీళ్ల కాలంలో పనిచేసిన పత్రికా ఫొటోగ్రాఫర్లను తలుచుకుంటే ఇక్కడే దిగులేస్తుంది. తుపానులు, ఎన్నికలు, కరువు దాడులు తీసిన అదే రీలు చివర మిగిలిన రెండు ఫ్రేములు వృథా ఎందుకని కూతురినో, వీధి చివర టీకొట్టునో తీసుకున్నవారు వారిలో ఎందరో ఉండి ఉంటారు. హైదరాబాద్‌లో 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతోంది, మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. గోడలకు కొరత లేదు. అట్టపెట్టెల్లో చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోతున్న ఆ నెగటివ్‌లను విడదీసి, అందులో ఉన్నవాళ్లెవరో చెప్పగలిగిన మనుషులు బతికుండగానే అడిగి రాసుకునే పని ఇంకా ఎవరైనా మొదలుపెట్టాలి.