తక్కువ తిరిగిందని మురిసిపోకండి
1976 కాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్ (పైకప్పు మడిచి తెరిచే కారు) ‘అమెరికా చివరి కన్వర్టిబుల్’ కాబట్టి, తక్కువ తిరిగిన బండి దొరికితే కళ్లు మూసుకుని కొనేయమని కొందరంటారు. నేనొప్పుకోను. అప్పట్లో అదే మాట నమ్మి జనం ఎగబడ్డారు. ఆ ఏడాది 14,000 బండ్లు చేశారు, చాలామంది కొని లాభం కోసం దాచుకున్నారు. తీరా 1984లో అదే కంపెనీ మళ్లీ ఎల్డొరాడో కన్వర్టిబుల్ తెచ్చేసరికి, మోసపోయామని కోర్టుకెక్కారు కూడా! దాచినవి చాలా ఉన్నాయంటే అరుదైనది ఎలా అవుతుంది? ఇక తిరగకపోవడం గొప్ప అనడం ఇంకో పొరపాటు. డాలస్‌లో మా పక్కింటి పెద్దాయన దగ్గర ఇదే మోడల్ తెల్ల బండి ఉండేది. పెయింట్ అద్దంలా మెరిసేది. ఓ ఆదివారం టాప్ తీద్దామని స్విచ్ నొక్కితే సగంలో ఆగిపోయింది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. కిటికీ రబ్బరు పట్టుకుంటే చేతిలో పొడైపోయింది. పెట్రోల్ ట్యాంకు నిండా తుప్పు. 8.2 లీటర్ల ఇంజనుంది, నడిపితే కదా! నెలకోసారైనా రోడ్డెక్కిన బండే నేనైతే కొంటాను, సీటు మీద నాలుగు ముడతలున్నా సరే.