చీమకు టెండర్ ఫారం

చీమలతో మాట్లాడతారట! చీమలతో! ఒట్టి మూఢనమ్మకం! అని మా అపార్ట్‌మెంట్ మేధావి ఒకాయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ చక్రాలు నమ్మకంగా నడుస్తాయని ధైర్యంగా ఉన్న మనిషి ఆయన.

ఆయన నవ్వింది మోఫు రైతుల మీద. ఉత్తర కామెరూన్‌లో, మండారా కొండల మీద రాతి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా జొన్న పండించుకునేవాళ్లు. ఇంటికి చెద పడితే వాళ్లు ‘జగ్లావక్’ కోసం వెతుకుతారు. అది దండుగా కదిలే డోరిలస్ జాతి చీమ. పనిచేసే చీమలకు కళ్లే ఉండవు, కానీ పురుగులన్నిటికీ అదే రాజని మోఫుల లెక్క. దండు దొరికిన చోట తవ్వి, ఆకులతో సహా కుండలోకి ఎత్తి తెస్తారు. వచ్చిన పని చెదతోనే అని, ఇంట్లోవాళ్ల జోలికి రావద్దని దానికి చెప్పి, చెద పట్టిన చోట వదులుతారు. చెద సొరంగాల్లోకి దూరి వేటాడటం ఆ చీమకు పుట్టుకతో వచ్చిన విద్య. 1990ల్లో ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త క్రిస్టియాన్ సెన్యోబోస్, కీటక శాస్త్రజ్ఞులతో కలిసి ఇదంతా శ్రద్ధగా రాసిపెట్టారు. ఆయనకు నవ్వు రాలేదు పాపం, కొండ ఎక్కి చూసిన మనిషి కదా.

అందుకని నా ప్రతిపాదన. జగ్లావక్‌ను పద్ధతి ప్రకారం పిలిపిద్దాం. అసోసియేషన్ టెండర్ వేస్తుంది. ధరావత్తు కట్టాలి, మూడేళ్ల టర్నోవర్ చూపాలి, జీఎస్టీ నంబర్ ఉండాలి. కళ్లు లేవు కాబట్టి మెడికల్ ఫిట్‌నెస్ తప్పనిసరి. సంతకం ఎవరు పెడతారు? లక్షల్లో ఉన్నారు, అందరూ వరసగా వేలిముద్ర వేయాలి, వేళ్ల సంగతి కమిటీ తర్వాత చూస్తుంది. అన్నీ సర్దుకున్నాక సెక్రటరీ గారు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ అడుగుతారు. పని అయిపోతే వెళ్లిపోతాం అంటుంది జగ్లావక్. వెళ్లిపోవడమేమిటి! డిస్‌క్వాలిఫై.

టెండర్ తక్కువ రేటు వేసిన ఏజెన్సీకి పోతుంది. మాస్కు లేని పిల్లాడొకడు డబ్బాతో వచ్చి, గోడకు కన్నాలు పెట్టి, మందు పోసి, ఐదేళ్ల వారంటీ కార్డు ఇచ్చి పోతాడు. మరుసటి వానాకాలానికి ఆ కార్డును బీరువాలోనే చెద తింటుంది. తొలకరిలో రెక్కలొచ్చిన చెదను, ఉసిళ్లను పట్టి వేయించుకు తిన్న తాతల మనవళ్లం, చెదకు మనం ఇప్పుడు స్టేషనరీ సప్లై చేస్తున్నాం.

ఇంతవరకూ సరదా. మూఢనమ్మకం అన్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. జగ్లావక్ కుడుతుందని మోఫు రైతుకు తెలుసు. ఏ కాలంలో దొరుకుతుందో, ఎలా ఎత్తాలో తెలుసు. తాను చేతిలోకి తీసుకున్నదేమిటో తెలిసిన మనిషి అతను. 1997-98లో వరంగల్ పత్తి రైతుకు ఎవరు ఏం తెలియనిచ్చారు? లద్దెపురుగు చేలకు చేలు తినేస్తుంటే డీలర్ చెప్పిన మందు కొట్టాడు. చావకపోతే ఇంకోటి, రెండూ కలిపి మూడోది, అన్నీ అప్పు మీదే. పురుగు మీద పనిచేయని మందు, తాగిన రైతు మీద పనిచేసింది. ఆ డీలర్ మాట నమ్మడాన్ని ఒక్క మేధావీ మూఢనమ్మకం అనలేదు. డబ్బా మీద ఇంగ్లీషు ఉంది కదా, సైన్సే అయి ఉంటుంది. అంత సైన్సు అమ్మి, చాలామందికి కనీసం బిల్లు కూడా ఇవ్వలేదు వెధవలు.