కొట్టేసిన పద్దుకు వ్యాకరణం

తెలుగు పేద భాష అని నేనెప్పుడూ అనుకోలేదు. బాకీ ఎగ్గొట్టడం ఒక్కదానికే ఎన్ని మాటలున్నాయో చూడండి. ఎగనామం పెట్టడం, పంగనామాలు పెట్టడం, కుచ్చుటోపీ వేయడం, శఠగోపం పెట్టడం. కోర్టులో వేసే దివాలా పిటిషన్‌ను కూడా రెండక్షరాలకు కుదించి 'ఐపీ పెట్టాడు' అని క్రియాపదం చేసుకున్న జాతి మనది. ఇంత సంపద ఉండి ఒక్కచోట ఘోరంగా దొరికిపోయాం. ఇంగ్లిష్‌వాడు అప్పు వదిలేసే వేవర్ అన్నా, పుస్తకంలో పద్దు కొట్టేసే రైట్ ఆఫ్ అన్నా మనం 'మాఫీ' అనే రాసేస్తున్నాం.

దీనివల్ల జరుగుతున్న అనర్థం అంతా ఇంతా కాదు. "రైతుకి లక్ష మాఫీ చేస్తే ఖజానా ఖాళీ అంటారు, కంపెనీలకు లక్షల కోట్లు మాఫీ చేస్తే మాట్లాడరేం?" అని టీ కొట్టు దగ్గర జనం అడిగేస్తున్నారు. పాపం, వాళ్ల తప్పు లేదు. వాళ్లకు ఇంగ్లిష్ రాదు. వస్తే ఈ ప్రశ్నే పుట్టదు.

2016 నవంబరులో ఇదే గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. పెద్ద నోట్లు రద్దయి అప్పటికి వారం దాటిందంతే. జనం ఏటీఎంల ముందు వరసల్లో నిలబడి ఉన్నారు. స్టేట్ బ్యాంకు 63 ఖాతాల్లోని సుమారు 7,000 కోట్లు రైట్ ఆఫ్ చేసిందని పేపర్లో వచ్చింది. అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ రాజ్యసభలో లేచి, రైట్ ఆఫ్ అంటే మాఫీ కాదు, ఆ మాటకున్న అక్షరార్థాన్ని పట్టుకోకండి, అప్పు అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుంది అని వివరించారు. మాటను దాని అర్థంతో చూడొద్దని చట్టసభలో చెప్పడం మామూలు విషయం కాదు. మన పాత నిఘంటుకారులకు ఈ సౌకర్యం ఉండి ఉంటే ఎంత శ్రమ తప్పేదో!

అయితే ఆయన చెప్పింది నిజమే. వాయిదా కట్టకుండా 90 రోజులు దాటితే అప్పు మొండి బాకీ అవుతుంది. బ్యాంకు తన లాభంలోంచి దానికింత అని పక్కన పెడుతూ వస్తుంది. నాలుగేళ్లు గడిచి, బాకీ మొత్తానికి సరిపడా పక్కన పెట్టేశాక, ఆ పద్దును ఆస్తుల పట్టికలోంచి తీసేస్తుంది. పుస్తకం శుభ్రపడుతుంది, పన్ను కలిసొస్తుంది. బాకీదారు మాత్రం బాకీదారుగానే ఉంటాడు. అదీ రైట్ ఆఫ్. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, నేను వెతికాను.

నాకు ఇది బోధపడింది మాత్రం మా వీధి చివర కిరాణా కొట్లో. కొట్టాయన్ని నేను మావయ్యా అంటాను. ఒకరోజు ఆయన అరువు పుస్తకం తీసి, చెవిలోంచి బాల్‌పెన్ను లాగి, ఒక పేరు మీద అడ్డంగా గీత గీస్తున్నాడు. ఆ గీత మీదే ఇంకో గీత. కాగితం చిరిగింది.

"ఏంటి మావయ్యా, మాఫీ చేశావా?"

"మాఫీ అయితే వాడికి చెప్తాను కదా. ఇది వాడికి చెప్పను. ఏడాదిగా చూసి చూసి విసుగొచ్చి పుస్తకంలో కొట్టేశాను. వాడొస్తే మాత్రం అడుగుతాను."

"వస్తాడంటావా?"

"ఎందుకొస్తాడూ, పక్క కొట్లో ఖాతా తెరిచాడు."

రిజర్వు బ్యాంకు వాళ్లు పేజీలకు పేజీలు రాసినా ఇంత బాగా చెప్పలేరు. తేడా ఒక్కటే. మావయ్యకు పన్ను కలిసిరాలేదు.

ఇక వేవర్ సంగతి. అది మా ఇంట్లోనే జరిగింది. మా పెదనాన్నకు అప్పట్లో 5 ఎకరాల 20 సెంట్ల పొలం. 2008 ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన పథకం పూర్తి పేరు 'వ్యవసాయ రుణ మాఫీ, రుణ ఊరట'. కామా తర్వాత ఏముందో ఇంట్లో ఎవరూ చదవలేదు. ఐదెకరాల వరకు మాఫీ. దాటితే ఊరట. ఊరట అంటే, బాకీలో 75 శాతం మనం కడితే మిగతా 25 శాతం సర్కారు వదిలేస్తుంది. అర్హుల జాబితాలు బ్యాంకు నోటీసు బోర్డు మీద పెట్టాలని నిబంధన. ఆయన చూపుడు వేలు పెట్టి మొదటి జాబితా పైనుంచి కిందికి వెతికాడు. కళ్లద్దాలు పంచె చెంగుతో తుడుచుకుని కిందినుంచి పైకి వెతికాడు. చివరికి పక్క జాబితాలో దొరికాడు. ఎక్కువైన ఆ 20 సెంట్లు చెరువు గట్టు కింద చవుడు నేల, పల్లేరు కాయలు తప్ప ఏమీ కాయదు. మా పెద్దమ్మ ఇప్పటికీ దాన్ని 'ఊరట చెక్క' అనే అంటుంది. గాజులు కుదువపెట్టి గడువులోపలే బాకీ కట్టేసిన మా బాబాయి పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆయనకు సరిపోయే ఇంగ్లిష్ మాట ఇంకా పుట్టలేదు.

మాఫీ అంటే ఉర్దూలో క్షమాపణ. అంటే అక్కడ నేరం జరిగినట్టే లెక్క. క్షమించేవాడికి సభ కావాలి, ఫ్లెక్సీ కావాలి, పాలాభిషేకం కావాలి. క్షమాభిక్ష పొందేవాడికి పాసుపుస్తకం, ఆధార్ కావాలి, రెండింట్లోనూ ఇంటిపేరు ఒకేలా ఉండాలి. రైట్ ఆఫ్‌కు ఇవేవీ అక్కర్లేదు. నేరమే లేనప్పుడు క్షమాపణ దేనికి? ఎవరి బాకీ అని పార్లమెంటులో అడిగినా, రిజర్వు బ్యాంకు చట్టం 45ఈ సెక్షన్ ప్రకారం ఖాతాదారుల వివరాలు చెప్పకూడదని జవాబిస్తారు. మా పెదనాన్న అప్పు గోడెక్కిన నాడు కూడా ఆ సెక్షన్ ఉంది. పొలానికి వెళ్లిందేమో.

2014-15 నుంచి 2023-24 వరకు, పదేళ్లలో బ్యాంకులు రైట్ ఆఫ్ చేసింది 16.35 లక్షల కోట్లు అని సర్కారే లోక్‌సభకు చెప్పింది. అది మాఫీ కాదని మరోసారి మనవి. 2014లో తెలంగాణ ప్రకటించిన లక్ష రూపాయలది మాత్రం అచ్చమైన మాఫీ. నాలుగు వాయిదాల్లో, ఏడాదికి పాతిక శాతం చొప్పున. రైతు తీసుకున్న బాకీ సర్కారు బాకీ అయి, మధ్యలో వడ్డీ నోటీసు మాత్రం పాత చిరునామాకే వచ్చేది. ఇక్కడే నా వ్యాకరణం కాస్త తడబడుతోంది. పోయిందని చెప్పిన అప్పు ఇంటికొచ్చి తలుపు కొడుతోంది. ఉందని చెప్పిన అప్పు ఎక్కడుందో ఎవరికీ కనబడటం లేదు.

దివాలా చట్టం కింద బ్యాంకు వదులుకునే మొత్తానికి హెయిర్‌కట్ అని ముద్దు పేరు. క్షవరమైతే గానీ వివరం తెలియదని మనవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే ఇక్కడ క్షవరం ఒకరికి, వివరం ఇంకొకరికి.

ఈ పరిశోధన అంతా మొన్న మావయ్యకు వినిపించాను. ఆయన పప్పు తూస్తూ ఓపిగ్గా విని, అరువు పుస్తకం నా వైపు తిప్పాడు. నా పేరు కింద 1,340 ఉంది.

"దీనికేం మాట వాడదాం అల్లుడూ?"

"మారటోరియం. అంటే కొన్నాళ్లు అడక్కుండా వాయిదా వేయడం," అన్నాను తడుముకోకుండా.

"అది నాకు తెలుసులే. 2020లో మావాడు బైకు లోనుకి పెట్టాడు," అని, పెన్ను చెవిలోంచి తీసి 1,340 పక్కన వడ్డీ వేయడం మొదలుపెట్టాడు.