భయపడేవాడు చదవనివాడేనా?

పరీక్షల కాలం వచ్చిందంటే చాలు, ఒక సందేశం వాట్సాప్‌లో మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఈ ఒక్క నెలలో అది నాకు ఐదుగురి దగ్గర నుంచి వచ్చింది. ఆ ఐదుగురూ పిల్లల మేలు కోరేవారే. ఇద్దరైతే నాతో పాటు పాఠాలు చెప్పేవారు. "ర్యాంకర్లు బయటికి చెప్పని ఏడు నిజాలు" అని దాని శీర్షిక. మొదటి రెండుసార్లు చదివి ఊరుకున్నాను. మూడోసారి పంపిన ఆయనకు మర్యాదగా నాలుగు ముక్కలు రాశాను. ఐదోసారి వచ్చింది మాత్రం, ఒక తల్లి తన కొడుకుకు పంపి, "నువ్వూ ఇలాగే చదువు నాన్నా" అని కింద రాసి, ఆ తర్వాత నాకు పంపింది. ఆ అబ్బాయి నా తరగతిలోనే ఉన్నాడు. వారం రోజులుగా మొదటి పీరియడ్‌కే అతని కళ్లు మూతలు పడుతున్నాయి. ఇక ఊరుకోవడం తప్పనిపించింది.

ఆ ఏడు నిజాల సారాంశం ఇది. గెలిచేవారికి రాత్రికి నాలుగు గంటల నిద్ర చాలు; ఒక విద్యార్థి పదకొండు రోజులు నిద్రపోకుండా ఉన్నా అతనికి ఏమీ కాలేదు. అలసట అనేది మనసు కల్పించే భ్రమ, రెండు కప్పుల కాఫీతో పోతుంది. మనిషి మెదడులో పది శాతమే వాడతాడు. నీలి సిరాతో రాసుకున్నది ఎన్నటికీ మరిచిపోరు. ఏ పాఠాన్నైనా పదిసార్లు చదివితే అది మనదైపోతుంది. చదివినవాడికి భయం ఉండదు, భయపడేవాడు చదవనివాడే, కాబట్టి ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోకూడదు. చివరిది, పరీక్ష హాలు బయట ఎవరితోనూ మాట్లాడకూడదు.

మెదడు గురించీ సిరా గురించీ ఎక్కువసేపు చెప్పనక్కర్లేదు. మెదడు మన బరువులో సుమారు 2 శాతమే ఉండి, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం తీసుకుంటుంది. అందులో తొంభై వంతులు ఊరికే పడి ఉండేదైతే శరీరం దాన్ని ఇంత ఖర్చుపెట్టి పోషించదు. పక్షవాతంలో మెదడులో కొద్ది భాగం దెబ్బతింటేనే మాట పడిపోవడం చూస్తున్నాం. ఇక నీలి సిరాతో రాసుకున్నవాటిని పిల్లలు నిక్షేపంగా మరిచిపోతారు; దిద్దేదాన్ని కాబట్టి చెబుతున్నాను.

నిద్ర సంగతికి వద్దాం. ఆ పదకొండు రోజుల విద్యార్థి కల్పిత పాత్ర కాదు. 1963 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1964 జనవరి దాకా, అమెరికాలోని శాన్ డియేగోలో రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల కుర్రాడు సైన్స్ ప్రదర్శన కోసం 264 గంటలు మెలకువగా ఉన్నాడు. "ఏమీ కాలేదు" అన్నది మాత్రం అబద్ధం. చివరి రోజు అతన్ని 100లోంచి 7 తీసివేస్తూ పొమ్మన్నారు. 93, 86, 79, 72, 65 అని అక్కడ ఆగిపోయాడు. ఎందుకు ఆగావంటే, తాను ఏం చేస్తున్నాడో మరిచిపోయానన్నాడు. ఐదంటే ఐదు తీసివేతలు. ఈ ఉదాహరణనే చూపించి లెక్కల పరీక్షకు వెళ్లే పిల్లలను నిద్ర మానుకోమంటున్నారు! ఆ సందేశంలో తక్కువ నిద్రతో గెలిచిన గొప్పవారి జాబితా ఒకటి ఇచ్చి, అందులో ఎడిసన్ పేరు కూడా చేర్చారు. ఆయన తన ప్రయోగశాలలోనే మంచం వేయించుకుని పగటిపూట కునుకు తీసేవాడన్న సంగతి జాబితా రాసినవారికి తెలియదో, తెలిసీ వదిలేశారో నాకు తెలియదు.

పదకొండు రోజుల జాగరణ ఎవరూ చేయరు. మన పిల్లలు చేసేది వారాల తరబడి రోజుకు రెండు మూడు గంటలు కోసుకోవడం. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా దాన్నే పరీక్షించారు. ఆరోగ్యవంతులను 14 రోజుల పాటు, కొందరిని 4 గంటలు, కొందరిని 6 గంటలు, కొందరిని 8 గంటలు పడుకోనిచ్చి, రోజూ వారి ఏకాగ్రతను కొలిచారు. 6 గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవారి పనితీరు రోజురోజుకూ దిగజారి, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి పడిపోయింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: తాము అంతగా దిగజారామని వారికే తెలియలేదు. నిద్రమత్తు ఎంత ఉందని అడిగితే, కొద్దిగానే ఉందన్నారు. అంటే అలసట భ్రమ కాదు, "నాకు అలసట లేదు" అనుకోవడమే భ్రమ. నా తరగతిలో కళ్లు మూతపడుతున్న ఆ అబ్బాయిని అడిగితే, "బాగానే ఉన్నాను మేడమ్" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు.

నిద్రను చదువులోంచి తీసేసిన సమయంగా లెక్కవేయడంలోనే అసలు పొరపాటు ఉంది. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాల కూర్పులు కంఠస్థం చేయించి, కొన్నిసార్లు వెంటనే నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు పనుల్లో ఉండనిచ్చారు. గడిచిన గంటలు సమానమే అయినా, నిద్రపోయినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. పగలు చదివినది మెదడులో కుదురుకునే పని రాత్రి జరుగుతుంది. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రావైద్యులు చెప్పడం వారిని గారాబం చేయడానికి కాదు.

కాఫీ తాగకూడదని నేను అనను, నేనూ తాగుతాను. కానీ అది చేసేది ఏమిటో తెలిసి తాగాలి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటూ, ఇక పడుకోమని చెబుతుంది. కెఫీన్ ఆ మాట చెవిన పడకుండా చేస్తుందే తప్ప, ఆ అలసటను తీర్చదు. తాగినదాంట్లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నిద్రకు 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు, అంటే ఇంచుమించు నాలుగు కప్పుల కాఫీ అంత, తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. సాయంత్రం తాగిన కాఫీ రాత్రి నిద్రను తింటుంది, ఆ లోటు పూడ్చడానికి మర్నాడు ఇంకో కప్పు కావలసి వస్తుంది.

పదిసార్లు చదవడం గురించి ఒక్క మాట. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో ఒకే భాగాన్ని నాలుగుసార్లు చదివినవారికి వారం తర్వాత 40 శాతం గుర్తుంటే, ఒక్కసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మాత్రం మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. అందుకే ఆ పద్ధతి మనల్ని మోసం చేస్తుంది: పుస్తకం మూయగానే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాసుకునే అలవాటుకు ఇంకో లాభం కూడా ఉంది. పరీక్ష హాలులో కనిపించే తెల్లకాగితం అప్పటికి కొత్తది కాదు.

ఇక ఆరో నిజం. మిగిలిన ఆరింటినీ క్షమించగలను, దీన్ని క్షమించలేను. "భయపడేవాడు చదవనివాడే. భయాన్ని చెప్పుకుంటే రెట్టింపవుతుంది."

కొన్నేళ్ల కిందట నేను ఇన్విజిలేషన్ చేస్తున్న గదిలో, మూడో వరసలో ఒక అమ్మాయి కూర్చుంది. గంట కొట్టిన ఇరవై నిమిషాలకు నేను ఆమె పక్కనుంచి వెళ్లేటప్పటికి, జవాబు పత్రం మీద తేదీ, మార్జిను గీత, "1" అన్న అంకె మాత్రమే ఉన్నాయి. పెన్ను మొనను ఆ అంకె పక్కన ఆనించి అలాగే పట్టుకుంది. కాగితం అక్కడ సిరాను పీల్చుకుని చిన్న బొట్టు కాస్తా పెసరగింజంత అయింది. అరచేతి చెమటకు కాగితం అంచు మెత్తబడి పైకి లేచింది. ఆ ప్రశ్ననే అంతకు రెండు రోజుల ముందు నా ఎదుట బోర్డు మీద తడుముకోకుండా చేసిన పిల్ల. పరీక్ష అయ్యాక వరండాలో, "అంతా బ్లాంక్ అయిపోయింది మేడమ్" అని, ప్రశ్నపత్రం వెనక అదే లెక్కను ఐదు నిమిషాల్లో చేసి చూపించింది. ఈ అమ్మాయి చదవలేదా? ఆ వాక్యం రాసిన మనిషి వచ్చి, ఆ ప్రశ్నపత్రం చూసి ఆ మాట అనాలి.

ఆ గదిలో జరిగినదానికి మంత్రాలూ మహిమలూ అక్కర్లేదు. పరీక్షల గాబరాలో రెండు పాళ్లు ఉంటాయని 1967లోనే లీబర్ట్, మోరిస్ విడదీసి చూపించారు: ఒకటి గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం వంటి ఒంటి లక్షణాలు, రెండోది "తప్పుతానేమో, అందరూ ఏమనుకుంటారో" అని లోపల ఆగకుండా సాగే దిగులు. మార్కులను ఎక్కువగా దెబ్బతీసేది ఈ రెండోదేనని ఆ తర్వాత చేసిన పరిశోధనలు పదే పదే చెప్పాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది. లెక్క చేసేటప్పుడు అంకెలను, మెట్లను తాత్కాలికంగా పట్టి ఉంచుకునే చోటు మన మెదడులో చిన్న పలకంత ఉంటుంది. దిగులు ఆ పలక మీదే రాస్తుంది. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు, దాన్ని దింపుకోవడానికి పలక మీద చోటు మిగలదు. అందుకే గది దాటగానే అంతా తిరిగి వస్తుంది.

ఇప్పుడు ఆ సందేశం చదివిన పిల్ల ఏం చేస్తుందో ఆలోచించండి. గుండె దడదడలాడుతుంది. "భయపడేవాడు చదవనివాడే" అని గుర్తొస్తుంది. అంటే నేను చదవలేదన్నమాట అనుకుని, వచ్చినదాన్ని కూడా అనుమానిస్తుంది, రాత్రి ఇంకో రెండు గంటలు మేలుకుంటుంది, మర్నాటికి అలసట పెరుగుతుంది, అలసటతో గాబరా పెరుగుతుంది, ఆ గాబరాను మళ్లీ చదవకపోవడానికి రుజువుగా తీసుకుంటుంది. చెప్పుకుందామా అంటే, చెప్పుకోకూడదని అదే సందేశం నోరు నొక్కేసింది. ఒక పిల్లను అలసటతోనూ, భయంతోనూ, సిగ్గుతోనూ ఒంటరిగా గదిలో పెట్టి తలుపు వేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికైనా తెలుసా? దీన్ని "స్ఫూర్తిదాయకం" అని చేతులు జోడించిన బొమ్మతో పంపుతున్నారు.

భయం ఎప్పుడూ శత్రువే అని కూడా నేను అనడం లేదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, సులువైన పని నేర్చుకోవడానికి గట్టి కరెంటు షాక్ పనికొచ్చింది, కష్టమైన పనికి ఒక మోస్తరు షాకే మేలు చేసింది. కొద్దిపాటి దడ మనిషిని పుస్తకం ముందు కూర్చోబెడుతుంది. ఆ దడను అణచాలని చూసేకంటే, "ఒళ్లు సిద్ధమవుతోంది" అని చెప్పుకోవడం మేలు. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో, "శాంతంగా ఉన్నాను" అనుకున్నవారికంటే "ఉత్సాహంగా ఉన్నాను" అనుకున్నవారు లెక్కల్లోనూ, ఉపన్యాసంలోనూ మెరుగ్గా చేశారు. పరీక్షకు ముందు పది నిమిషాలు భయాలను కాగితం మీద రాస్తే మార్కులు పెరిగాయని 2011లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత వేరేవారు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు కాబట్టి, దాన్ని మందులా అమ్మను. నా పిల్లలకు నేను చెప్పేది ఇంతే: పత్రం చేతికి రాగానే పెన్ను కింద పెట్టండి, పాదాలు నేలకు ఆనించండి, ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా నాలుగైదుసార్లు వదలండి, పత్రం మొత్తం ఒకసారి చదివి బాగా వచ్చినదానితో మొదలుపెట్టండి. ఆగిపోతే చోటు వదిలి ముందుకు పొండి. ఇది ఒక్క రోజులో రాదు. ప్రతి చిన్న పరీక్షలోనూ చేయిస్తాను.

వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, పరీక్ష పేరెత్తితే వాంతి రావడం, ఊపిరాడనట్టు కావడం ఉంటే ఇవేవీ సరిపోవు, డాక్టరును కలవాలి. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే, ఆ గంటే, ఇంట్లోనో బడిలోనో ఒక పెద్దవారికి చెప్పాలి. చెప్పుకుంటే రెట్టింపవుతుందన్న వాక్యం ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది.

ఏడోది, హాలు బయట ఎవరితోనూ మాట్లాడకూడదన్నది, మొదట చదివినప్పుడు చాదస్తం అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఒప్పుకోవలసి వచ్చింది. "అది చదివావా? అది తప్పకుండా వస్తుందట" అన్న ఒక్క మాటతో ముఖం పాలిపోయిన పిల్లలను గేటు దగ్గర నేను చూశాను. అంత గట్టిగా నోరు కట్టుకోనక్కర్లేదు కానీ, పాఠాల ఊసు మాత్రం ఎత్తకపోవడం మంచిదే. ఈ ఒక్కటి సరిగ్గా రాశారు.

నిద్ర గురించి మా వైపు తప్పు కూడా ఒకటి ఉంది. నిద్ర, నిద్ర అని మేం ఊదరగొట్టడం వల్ల, పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టక, గడియారం చూస్తూ, ఇక అంతా పోయిందని ఏడ్చే పిల్లలున్నారు. ఆ రాత్రి నిద్ర రాకపోవడం చాలామందికి మామూలే. అంతకు ముందు వారాల నిద్ర సరిగ్గా ఉంటే, ఒక్క రాత్రి తక్కువైనంత మాత్రాన నేర్చుకున్నది చెరిగిపోదు. గడియారాన్ని అవతలికి తిప్పి కళ్లు మూసుకుని పడుకుంటే చాలు.

ఇదంతా ఆ తల్లికి ఫోనులో చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ఆ రాత్రే పదిన్నరకు వెళ్లి కొడుకును లైటు ఆర్పి పడుకోమందట. మర్నాడు ఆవిడే చెప్పింది. అబ్బాయి ఒప్పుకోలేదట. "నాలుగు గంటలు చాలని నువ్వే కదమ్మా పంపించావు" అన్నాడట.