సెకనుకు వెయ్యి రీడింగులు తీసే డేటా లాగర్ గారికి

మహారాజశ్రీ డేటా లాగర్ గారికి, హనుమకొండలోని ఒక చిన్న మెటీరియల్ టెస్టింగ్ ల్యాబులో తమ పక్కనే స్టూలు వేసుకుని కూర్చునే టెక్నీషియను నమస్కరించి వ్రాసుకునే విన్నపం.

తమరు వచ్చి భారాన్ని క్షణక్షణం అంకెల్లో రాసుకోవడం మొదలుపెట్టకముందు, కాంక్రీటు క్యూబులను నొక్కి పగలగొట్టి బలం చూసే ఈ మిషను మీద ఒక గుండ్రని డయలు ఉండేది. క్యూబు పగిలి నల్ల ముల్లు సున్నాకు జారినా ఎర్ర ముల్లు గరిష్ఠ భారం దగ్గరే ఆగి ఉండేది కనుక, టీ తాగి వచ్చి కూడా దాన్ని చదువుకునేవాణ్ని.

కాంక్రీటు పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 516 ప్రకారం నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోల చొప్పున భారం పెంచితే, 150 మిల్లీమీటర్ల ఎం25 రకం (చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం ఉండాల్సిన) క్యూబు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల దగ్గర పగలడానికి రెండు నిమిషాలు దాటుతుంది. ఆలోపు తమరు లక్షా పాతిక వేలకు పైగా రీడింగులు తీస్తారు. భారం ఎక్కేదే సెకనుకు ఐదు కిలోన్యూటన్ల చిల్లర, కాబట్టి గరిష్ఠ భారం కోసమైతే సెకనుకు పది రీడింగులు చాలు. పగులు పాకే ఆ చివరి కొన్ని మిల్లీసెకన్లను పట్టడంలో తమకు సాటి లేదని ఒప్పుకుంటాను. పక్క గదిలో మోటారు వేసినప్పుడు కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే ఊగులాటను కూడా తమరు కాంక్రీటు బలంగానే రాసుకుంటారు, అది వేరే సంగతి.

నా బాధ ఆ రెండు నిమిషాల గురించి కాదు, అంతకు ముందు కాంక్రీటు గట్టిపడే 28 రోజుల గురించి. క్యూబులు మా తొట్టిలో నీడపట్టున మునిగి ఉంటే, అవి ఏ స్లాబుకు నమూనాలో ఆ స్లాబు మే నెల ఎండలో, పొద్దున తడిపితే మధ్యాహ్నానికే అట్టలు కట్టే గోనెసంచుల కింద పడి ఉంటుంది. పైగా, మొన్న అచ్చులు దింపడానికి వచ్చిన మేస్త్రి "ల్యాబు అచ్చులల్ల సిమెంటు జర ఎక్కువేస్తం సారూ, పేరు పోవద్దు గద" అని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ మాట తమ ఏ ఛానెల్లోనూ నమోదు కాలేదు.

స్లాబులోనే పూడ్చే ఉష్ణోగ్రత సెన్సరు అరగంటకొక రీడింగు తీసినా, ఆ కాంక్రీటు ఎంత వేడిలో ఎన్నాళ్లు గట్టిపడిందో తెలుస్తుంది. మా కొటేషన్లో దాని ఊసు లేదు. "సెకనుకు వెయ్యి" అన్న మాట మాత్రం లావు అక్షరాలలో ఉంది.

రేపు మరో మూడు క్యూబులు వస్తున్నాయి. తమ మూడు లక్షల పైచిలుకు రీడింగుల సగటు కోసం రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
తమ విధేయుడు